ఒక పాట - మూడు కొలతలు



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు ఛందస్సును, వ్యాకరణమును చెప్పి విశ్రాంతి పొందిన నావంటివాడు రేడియోయెదుట కూర్చుండి కొరియాదేశపు గంతులపాటను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగనే యున్నది. కాని ఆ పాటవిషయమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పును దిద్దుకొనుచు తెలిసికొన్న సంగతులు పదిమందికి పనికివచ్చునని తోచి మీయెదుట నుంచుచున్నాను.

ఆ పాట పేరు 'గంగ్నమ్ స్టైల్'. 2012వ సంవత్సరమున పుట్టినది. పెండ్లియూరేగింపులలో మీరును వినియే యుందురు. పాడువాడు కళ్లెము పట్టినట్లు చేతులను ముందునకు చాచి, గుఱ్ఱమెక్కినవానివలె ఎగురుచుండును. పిల్లలు వీథులలో అట్లే యెగిరిరి. పెద్దలు విసుగుకొనిరి.

2013 మొదట మా పాఠశాల వార్షికోత్సవమునకు కార్యక్రమపట్టికను సిద్ధపఱచు పని నాకు వచ్చినది. తొమ్మిదవ తరగతి పిల్లలు ఇచ్చిన కాగితములో ఈ పాట కలదు. నేను ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేసితిని. ఆ జట్టునకు పెద్దయైన బాలుడు నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, ఈ పాటను వందకోట్లమంది చూచినారండీ" అని మెల్లగా ననెను. "ఈగలు మూగినదెల్ల తేనె యగునా?" యని నేనంటిని. తక్కిన యుపాధ్యాయులు నవ్విరి. బాలుడు తలవంచుకొని పోయెను.

పిమ్మట ఏడాదికాలము అతడు నా తరగతిలోనే చదివెను. నేనడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుచుండెను గాని, తనంతట తానొక్క ప్రశ్నయు నన్నడుగలేదు. అంతకు పూర్వము సమాసము మొదలు సంధి వఱకు ప్రతిదానిని అడిగెడివాడు. అడుగుట మానిన విద్యార్థి మన యెదుట కూర్చున్నను మనకు దూరమైనవాడే. ఈ సంగతి ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి తెలియును. నాకును తెలిసినది. తెలిసియు ఊరకుంటిని.

ఆ బాలుడిపుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. నిరుడు సంక్రాంతికి ఊరికి వచ్చి, పండ్లు తీసికొని మా యింటికి వచ్చెను. మాటలలో ఆ పాట ప్రసంగము వచ్చినది. ఆ సాయంకాలము అతడు చెప్పగా విన్నవియు, తరువాత నేను చదివి తెలిసికొన్నవియు కలిపి ఇపుడు చెప్పెదను.

ముందుగా మూడు మాటల యర్థము తెలిసికొనవలెను. మొదటిది 'సింగిల్'. అనగా ఒంటిపాట. గ్రామఫోనులున్న దినములలో ప్లేటునకు ఈ వైపొక పాట, ఆ వైపొక పాట యుండుట మనలో పెద్దవారికి జ్ఞాపకముండును. 1949లో అమెరికాలో నిమిషమునకు 45 మార్లు తిరుగు చిన్న ప్లేటు వచ్చినది. ఒక్క పాటకొఱకై కొనెడి ఆ ప్లేటునకు సింగిల్ అను పేరు నిలిచినది. నేడు ప్లేటు లేకయే పాట ఫోనులోనికి వచ్చుచున్నను, ఆ పేరు మాత్రము పోలేదు.

రెండవది 'మ్యూజిక్ వీడియో'. మన సినిమాలలో కథ ముందు, పాట దానిలో నొక భాగము. ఇందులో పాటయే ముందు. ఆ పాటకొఱకే నాలుగైదు నిమిషముల చిత్రము తీయుదురు. దాని వెనుక వేఱొక కథ యుండదు.

మూడవది 'చార్టు'. ఏ పాట ఎన్నవ స్థానమున నున్నదో వారము వారము చెప్పు వరుసపట్టిక. ఇంగ్లండులో 1952 నవంబరున ఒక సంగీతపత్రికవారు ప్లేట్లమ్ము దుకాణములకు టెలిఫోను చేసి, ఏవి యెక్కువగా అమ్ముడుపోయెనో అడిగి పండ్రెండు స్థానముల పట్టికను అచ్చువేసిరి. అమెరికాలో బిల్‌బోర్డు పత్రికవారి 'హాట్ హండ్రెడ్' అను నూఱుపాటల పట్టిక 1958 ఆగస్టులో మొదలైనది. మన సంతలో ధరలపట్టిక వర్తకునకెట్లో, సంగీతవ్యాపారమున ఈ చార్టు అట్టిది.

ఇక పాటకు వత్తము. దీనిని పాడినవాడు సై అను మారుపేరుగల పార్క్ జే-సాంగ్. 2001 నుండి తన దేశమున పేరున్నవాడే. నాజూకైన యువగాయకులకు ప్రసిద్ధిగన్న ఆ దేశమున, ఇతడు బొద్దుగా నుండి, నల్లకండ్లద్దములు ధరించి నవ్వించుచు పాడును. తన యాఱవ సంపుటమునకు ముందుపాటగా దీనిని 2012 జూలై 15న విడుదల చేసెను. మాటలు అతనివే. స్వరరచనలో యూ గన్-హ్యంగ్ అను నతడు తోడుపడెను. చిత్రమునకు దర్శకుడు చో సూ-హ్యున్.

గంగ్నమ్ అనునది ఊతపదమని నేను తలచియుంటిని. అది స్థలనామము. ఆ భాషలో గంగ్ అనగా నది, నమ్ అనగా దక్షిణము. రాజధానియైన సియోల్ నగరములో హాన్ నదికి దక్షిణమున నున్న పేట యిది. 1960వ దశకమువఱకు అచట పంటపొలములు. తరువాతి దశకమున నగరము నదిని దాటి వచ్చినది. పొలములు మేడలైనవి. నేడది ఆ దేశపు ధనికుల నివాసము. మన పట్టణముల చుట్టునున్న పొలములు ప్లాట్లగుటను, వానితోపాటు మనుష్యుల నడకయు మాటయు మాఱుటను చూచిన మీకు దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు.

పాటలోని నాయకుడు తాను గంగ్నమ్ పేట తీరువాడనని డంబము చెప్పుకొనును. పగటివేళ తీరికగా కాఫీ త్రాగెడి నాగరికురాలికి తానే తగినవాడనని పలుకును. చిత్రమో, ప్రతిదృశ్యమునందును అతని డంబమును పటాపంచలు చేయును. మొదట అతడు సముద్రతీరమున శయనించినట్లు కన్పట్టును. దృశ్యము విస్తరింపగా అది పిల్లలాడుకొను ఇసుకచోటు. ఇద్దఱు సుందరులను చెఱియొకవైపున నుంచుకొని రాజఠీవితో నడచును. ఎదురుగాలికి చెత్తయు నురుగును మొగమున పడును. గొప్ప నృత్యశాల యనుకొన్నచో అది యాత్రకు పోవు ముదుసలి స్త్రీల బస్సు. కట్టకడపట గంభీరముగా సింహాసనాసీనునివలె కూర్చుండి పాడును. చూడగా అది మరుగుదొడ్డి.

ఇది యంతయు విన్నపిమ్మట నాకు సిగ్గు కలిగినది. మన ప్రహసనములలో లేనిగొప్పలు చెప్పుకొను పాత్రలు ఎన్ని లేవు? పగటివేషగాండ్రు మన వీథులలో చేసినదేమి? అవి మనకు ముద్దు. ఇది మాత్రము కోతిగంతు. నిజముగా గంగ్నమ్‌వారు తాము గంగ్నమ్‌వారమని చెప్పుకొనరనియు, కానివారే చెప్పుకొందురనియు, ఆ వైచిత్రికే తాను నవ్వితిననియు సై వివరించియున్నాడు. నిండుకుండ తొణకదని మన పెద్దలు చెప్పినదియు నదియే గదా. పరిహాసకావ్యమును నేను పరిహాసమని గుర్తింపక, భాష రాదు గనుక భావము లేదని తీర్పు చెప్పితిని.

ఇపుడు ఆ బాలుడు చెప్పిన 'వందకోట్ల' సంగతి. అతని మాటలో కూడ పొరపాటు కలదు. దానిని అతడే నాకు చెప్పెను. దాని కొఱకు ఈ పాటను మూడుచోట్ల మూడు విధములుగా కొలిచిన తీరు చూడవలెను.

మొదటి కొలత ఇంగ్లండుది. ఆనాడు వారి పట్టిక కేవలము అమ్మకములను లెక్కించెడిది. ఎవడైనను సొంతసొమ్ము పెట్టి పాటను కొన్నచో అదియొక లెక్క. ఆ కొలతప్రకారము 2012 అక్టోబరు 6వ తేది గల పట్టికలో ఈ పాట మొదటి స్థానమున నిలిచినది. కొరియాగాయకుని పాట ఆ స్థానమునకు చేరుట అదే మొదలు.

రెండవ కొలత అమెరికాది. హాట్ హండ్రెడ్ పట్టికలో అమ్మకములతోపాటు, రేడియోలలో ఎంతగా వినబడెనను లెక్కయు, కొన్ని యింటర్నెట్ సంస్థలద్వారా విన్నవారి లెక్కయు చేరును. ఈ పాట అమ్మకములలో ముందుండెను. కాని తెలియని భాషలోని పాటను రేడియోకేంద్రములు అంతగా వినిపింపలేదు. మెరూన్ ఫైవ్ అను బృందము పాడిన 'వన్ మోర్ నైట్' అను పాట రేడియోలలో ఎక్కువగా వినవచ్చినది. కావున ఈ పాట ఏడువారములు వరుసగా రెండవ స్థానముననే నిలిచిపోయినది. మొదటి స్థానము దానికి ఎన్నడును దక్కలేదు. అచట అడ్డుపడినది రేడియో. రేడియోయెదుట కూర్చుండి ఈ మాట చెప్పుచున్నందుకు నాకును నవ్వు వచ్చుచున్నది.

మూడవ కొలత యూట్యూబ్‌ది. అందు వీడియోను ఒకమారు చూచిన ఒక వీక్షణము. 2012 నవంబరు 24న ఈ వీడియో అప్పటివఱకు మొదటనున్న జస్టిన్ బీబర్ అను గాయకుని పాటను దాటినది. డిసెంబరు 21న వందకోట్ల వీక్షణములను చేరినది. లోకములో ఏ వీడియోయు అంతకుముందు ఆ సంఖ్యను చూడలేదు.

చూచితిరా? అదే పాట, అదే యేడు. అమ్మకమును కొలిచినచోట ఒకటవది. రేడియోను కలిపి కొలిచినచోట రెండవది. వీక్షణమును కొలిచినచోట లోకమునకెల్ల మొదటిది. పాట మాఱలేదు, కొలత మాఱినది. అంతియే కాదు. అమెరికావారికిని తమ కొలత చాలదని తోచినది. 2013 ఫిబ్రవరిలో బిల్‌బోర్డువారు యూట్యూబ్ వీక్షణములను కూడ తమ లెక్కలో చేర్చిరి. ఆ మార్పు జరిగిన మొదటి వారముననే 'హార్లెమ్ షేక్' అను మఱియొక పాట ఆ పట్టికలో తిన్నగా మొదటి స్థానమున ప్రవేశించినది. కొలత ఆఱునెలలు ముందుగా మాఱియున్నచో గంగ్నమ్ పాట చరిత్ర మఱియొక విధముగా వ్రాయబడియుండెడిదేమో! మన యూళ్లలో మానిక మాఱినపుడు రాశి పెరుగుటయు తరుగుటయు మీ రెఱుగనిది కాదు.

ఇచట మఱియొక విచిత్రము జరిగినది. 2014 మే నాటికి ఈ వీడియో రెండువందల కోట్లను దాటినది. ఆ సంవత్సరము డిసెంబరున యూట్యూబ్‌వారు, తాము లెక్కకు పెట్టిన పాత్రయే ఈ పాటకు చాలకపోయినదని ప్రకటించిరి. ఆ పాత్రలో పట్టు గరిష్ఠసంఖ్య 2,14,74,83,647. కుంచము నిండినది, ధాన్యము మిగిలినది.

"ఈ బేసిసంఖ్య యేమి? రెండువందల కోట్లనియో మూడువందల కోట్లనియో పెట్టుకొనరాదా?" యని నేనడిగితిని. అతడు కాగితము తీసికొని చెప్పెను. కంప్యూటరు లెక్కలో గదులుండును. ఒక్కొక్క గదిలో రెండే స్థితులు, దీపము వెలుగుట లేక ఆఱుట. ఆ పాత్రకు 32 గదులు. అందొకటి ధనమో ఋణమో తెలుపుటకు పోగా, లెక్కకు మిగిలినవి 31.

ఆ మాట వినగానే నేను లేచి నిలుచుంటిని. ఇది మన ప్రస్తారము! పింగళుని ఛందశ్శాస్త్రమునందున్నదే. అక్షరమునకు రెండే స్థితులు, గురువు లేక లఘువు. ఒక అక్షరమునకు రెండు భేదములు. రెండక్షరములకు నాలుగు. మూడక్షరములకు ఎనిమిది. మన మ-య-ర-స-త-జ-భ-న గణములు ఎనిమిదియే యగుటకు కారణమదియే. ఒక్కొక్క యక్షరము పెరిగిన కొలది భేదముల సంఖ్య రెట్టింపగును. ఉక్త మొదలు ఉత్కృతివఱకు 26 ఛందస్సులు గదా. ఆ యిరువదియాఱవ దానియందు పుట్టగల వృత్తములు 6,71,08,864 అని ఛందోగ్రంథములు లెక్కకట్టినవి. దానిని మఱి యైదుమార్లు రెట్టించినచో, 31 అక్షరములకు, 2,14,74,83,648 వచ్చును. సున్నతో మొదలుపెట్టి లెక్కించుటచే గరిష్ఠసంఖ్య అందులో ఒకటి తక్కువ. యూట్యూబ్‌వారి కుంచమదియే!

నేను ఈ లెక్కను పలకమీద వేసి చూపగా అతడు కొంతసేపు పలుకలేదు. తరువాత, "మాస్టారూ, ఆ ప్రస్తారము వరుసగా వ్రాయుట యెట్లో మరల ఒకసారి చెప్పుదురా?" యని యడిగెను. పదేండ్లకు పైబడి నేనెదురుచూచిన ప్రశ్న యది. ఆ రాత్రి భోజనము ఆలస్యమైనది.

పాత్ర చాలదని యింజనీయర్లు ముందుగనే గ్రహించి, 64 గదుల పాత్రను సిద్ధముచేసిరట. అందు తొంబదిరెండువేల కోట్లకోట్లకు పైబడి పట్టును. మనుష్యులు చూచి నింపుట కష్టమే.

ఇక బాలుని పొరపాటు. "వందకోట్లమంది చూచిరి" అనుట సరికాదు. వందకోట్ల మార్లు చూడబడినది. ఒకడే పదిమార్లు చూడవచ్చును. మందికిని మార్లకును గల భేదము ఎంతటిదో తెలియుటకు మఱియొక దృష్టాంతము కలదు. 'బేబీ షార్క్' అను శిశువుల పాట, అదియు కొరియాదేశపు సంస్థ చేసినదే, 2020 నవంబరులో లోకమున ఎక్కువ వీక్షణములు గల వీడియో యయ్యెను. 2022 జనవరిలో వేయికోట్ల వీక్షణములను దాటిన మొదటి వీడియో యైనది. ఆనాడు భూలోకమునగల జనులెల్లరు వేయికోట్లమంది లేరు! అన్నము తినుటకు మారాముచేయు శిశువునకు తల్లి దినమునకు ఎన్నిమార్లు దానిని చూపినదో ఆ లెక్కలో అన్నిమార్లును కలవు. గంగ్నమ్ పాట మొదటి స్థానము 2017 జూలైలోనే వేఱొక పాటకు పోయినది. స్థానము లట్లే పోవుచుండును.

కావున ఆనాటి మా వివాదములో మేమిద్దఱమును తప్పినవారమే. బాలుడు సంఖ్యను చూచి పాట మంచిదనెను. సంఖ్య దేనిని లెక్కించినదో అతడెఱుగడు. నేను సంఖ్యను చూచి పాట చెడ్డదంటిని. పదిమంది మెచ్చినది తక్కువదే యగునని నా యహంకారము. పాటను మాత్రము ఇద్దఱమును విచారింపలేదు. అతడు పిల్లవాడు. నేను పండితుడను. కనుక తప్పులో పెద్దపాలు నాది. "ఆ కాగితముపై ఎఱ్ఱసిరా నాది, తప్పు నాది, నాయనా" యని అతనితో చెప్పితిని. అతడు నవ్వి, "అపుడు నాకును దాని యర్థము తెలియదండీ, ఎగురుటయే తెలియును" అనెను.

పెద్దలారా, నేడు మన యిండ్లలో ఫోను లేని గది లేదు. ఇంతమంది చూచిరి, ఇంతమంది మెచ్చిరి అను సంఖ్యలు మన పిల్లల యెదుటను, మన యెదుటను నిత్యము వచ్చుచుండును. పాటకే కాదు, మందుకును, ఎరువునకును, వార్తకును ఆ సంఖ్యలే సాక్ష్యము చెప్పుచున్నవి. అట్టి సంఖ్య వచ్చినపుడు రెండు ప్రశ్నలు వేయుడు. ఇది దేనిని లెక్కించినది? ఏ కుంచముతో కొలిచినది? సమాధానము తెలిసినచో సంఖ్య మనకు పనివాడగును. తెలియనిచో మనయజమాను డగును. ఇక వస్తువు మంచిచెడ్డలు వేఱు. వానిని విని, చూచి, అర్థము తెలిసికొని మనమే నిర్ణయింపవలెను. సంఖ్య ఆ పనిని మనకొఱకు చేయజాలదు.

తుదకొక్కమాట. 2023 ఫిబ్రవరిలో, ఢిల్లీలోని కొరియా రాయబారకార్యాలయమువారు మన తెలుగు సినిమాపాట 'నాటు నాటు'కు తాము నృత్యము చేసి, ఆ వీడియోను లోకమునకు చూపిరి. రాయబారియు అందు పాల్గొనెను. వారిలో ఎందఱికి మన భాష తెలియునో! మనము దానిని చూచి మురిసితిమి. సియోల్ నగరములో నావంటి వృద్ధపండితుడెవడైనను ఆ పాటను తన పాఠశాల పట్టికనుండి ఎఱ్ఱసిరాతో కొట్టివేసియున్నచో మన మనస్సు నొచ్చుకొనియుండెడిది. ఆ నొప్పి యెట్టిదో తెలిసినపిమ్మట, మన ముంగిట ఎగురు పిల్లలను గద్దించుటకు ముందు, "ఈ పాటకర్థమేమిరా?" యని యొకమారు అడుగుట మంచిది. వారికి తెలిసినచో మనము నేర్చుకొందము. తెలియనిచో ఉభయులము కలిసి వెదకికొందము.